మా నాన్న బిళ్ళలు వేసుకోవడం లేదు, ఏ యాప్ పెట్టమంటారు?

ప్రశ్న: నమస్తే అండీ. మా నాన్నగారికి 66 ఏళ్ళు. తెనాలిలో కిరాణా కొట్టు ఉంది. తొమ్మిదేళ్ళుగా బీపీ, ఆరేళ్ళుగా షుగర్. మందులు వేసుకుంటున్నావా నాన్నా అంటే "ఆ, వేసుకుంటున్నాలేమ్మా" అంటారు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు బీరువా సొరుగు తీస్తే సగం షీట్లు అలాగే ఉన్నాయి. అప్పటినుంచి నేను చేయనిది లేదు. ఫోన్‌లో మందుల యాప్ వేసి రోజుకు నాలుగు అలారాలు పెట్టాను. స్మార్ట్ వాచ్ కొనిచ్చాను. పొద్దున, రాత్రి వీడియో కాల్ చేస్తున్నాను. కిడ్నీలు పాడై డయాలసిస్ చేయించుకుంటున్నవాళ్ళ వీడియోలు ఫ్యామిలీ గ్రూపులో పెడుతున్నాను. ఇప్పుడు ఆయన నా ఫోనే ఎత్తడం లేదు, అమ్మకిచ్చేస్తున్నారు. మావారు ఇంట్లో కెమెరా పెట్టిద్దాం అంటున్నారు. మా ఆడపడుచు బిళ్ళలు పొడి చేసి మజ్జిగలో కలిపి ఇప్పించమంటోంది. మనిషి స్వభావాన్ని బట్టి మెల్లగా దారికి తెచ్చే యాప్‌లు వచ్చాయట కదా, నడ్జ్ అంటారట. అందులో మంచిదేదో చెప్పండి. మూడు నెలలుగా నాకు కంటిమీద కునుకు లేదు.
– ఎస్., కూకట్‌పల్లి

సమాధానం:

ఎస్. గారూ, యాప్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ మజ్జిగ ఆలోచన మానేయండి, అమ్మగారికి ఇప్పటికే చెప్పి ఉంటే ఇప్పుడే ఫోన్ చేసి వద్దనండి. షుగర్‌కి ఎక్కువమందికి ఇచ్చే మెట్‌ఫార్మిన్ చాలాసార్లు మెల్లగా కరిగే రకం ఉంటుంది, షీటు మీద పేరు పక్కన ఎస్.ఆర్. అనో ఎక్స్.ఆర్. అనో ఉంటుంది చూడండి. దాన్ని పొడి చేస్తే రోజంతా కొంచెం కొంచెంగా ఒంట్లోకి దిగాల్సిన మందు ఒక్కసారిగా దిగుతుంది. ఇంకో ప్రమాదం ఏంటంటే, అమ్మ మజ్జిగలో కలిపిన రోజే ఆయన బుద్ధి పుట్టి తనంతట తాను కూడా వేసుకున్నారనుకోండి, రెండు డోసులు పడతాయి. షుగర్ తగ్గించే బిళ్ళల్లో కొన్ని అలా రెండు పడితే చెమటలు పట్టి, చేతులు వణికి, మనిషి కూలబడిపోతాడు. ఇదంతా ఒక ఎత్తు, ఏదో ఒక రోజు గ్లాసు అడుగున తెల్లటి పొడి ఆయన కంట పడితే ఇక ఆ ఇంట్లో ఆయన ఏం తాగినా అనుమానంతోనే తాగుతారు. కెమెరా కూడా వద్దు. తొమ్మిదేళ్ళ జబ్బున్న మనిషిని కాదు, మీ నాన్ననే దొంగలా చూసినట్టవుతుంది, పైగా ఆయన బిళ్ళ వేసుకోకపోవడం మీకు కనబడుతుందే తప్ప ఎందుకు వేసుకోలేదో కెమెరా చెప్పదు.

మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్న మాట "సగం షీట్లు అలాగే ఉన్నాయి" అన్నది. ఏ సగం? అన్ని రకాలూ సగం సగం మిగిలాయా, లేక ఒకటి రెండు రకాలు మొత్తం మిగిలి, మిగతావి సరిగ్గా అయిపోయాయా? ఇది తెలియకుండా ఏ యాప్ చెప్పినా లాభం లేదు. అలారం మతిమరుపుకి మందు. మీ నాన్నగారు మరిచిపోతున్నారని మీరు అనుకుంటున్నారు కానీ, ఎవరి ఖాతా ఎంతో పుస్తకం చూడకుండా చెప్పే కిరాణా కొట్టు మనుషులు ఎంతమందిని చూడలేదు, వాళ్ళకి మతిమరుపు అంటే నేను అంత తొందరగా ఒప్పుకోను. మరిచిపోయే మనిషి అన్ని బిళ్ళలూ అప్పుడొకటి ఇప్పుడొకటి మరిచిపోతాడు. కావాలని మానేసే మనిషి ఒకటే బిళ్ళ మానేస్తాడు, దానికి అతని దగ్గర ఒక కారణం ఉంటుంది, మనం అడిగితే చెప్పడు, ఎందుకంటే అడిగేటప్పుడే మనం తిడుతున్నట్టు ఉంటాం.

నా దగ్గరికి వచ్చేవాళ్ళలో మళ్ళీ మళ్ళీ చూసేవి చెప్తాను, మీ నాన్నగారిది వీటిలో ఏదో ఒకటి అయ్యే అవకాశం ఎక్కువ. బీపీ మందుల్లో నీళ్ళ బిళ్ళ ఒకటి ఉంటుంది, అది వేసుకుంటే గంటా రెండు గంటల్లో మూత్రానికి పరుగెత్తాలి, ఒకటికి నాలుగుసార్లు. పొద్దున్నే కొట్టు తీసి మధ్యాహ్నం దాకా గల్లా వదలలేని మనిషి, బాత్‌రూమ్ కోసం పక్క వీధికి పోవాల్సిన మనిషి, ఆ బిళ్ళ ఎందుకు వేసుకుంటాడు? వేసుకోడు, ఆదివారం మాత్రం వేసుకుంటాడు. మెట్‌ఫార్మిన్ కొందరికి కడుపులో తిప్పుతుంది, విరేచనాలవుతాయి, కొట్లో కూర్చునేవాళ్ళకి అది మరీ నరకం. గ్లిమెపిరైడ్ లాంటి బిళ్ళ వేసుకుని శనివారం ఒక్కపొద్దు ఉంటే కళ్ళు తిరుగుతాయి, కాబట్టి ఒక్కపొద్దు రోజున మానేస్తారు. నిజం చెప్పాలంటే అది ఆయన చేసిన సరైన పని, తిండి లేకుండా ఆ బిళ్ళ వేసుకోకూడదు, డాక్టరుకి చెప్పి ఉపవాసం రోజున ఏం చేయాలో ముందే రాయించుకోవాలి. మరి రోజుకు నాలుగుసార్లు మోగే మీ అలారానికి ఇవేవీ తెలియవు కదా. ఒక్కపొద్దు రోజున కూడా అది "ఇప్పుడు వేసుకోండి" అనే అంటుంది. మాట విని ఆయన వేసుకుంటే అప్పుడు అసలు ప్రమాదం.

ఇంకొక్కటి, మీరు బాధపడకుండా వినండి. కిడ్నీల వీడియోలు పెడుతున్నారు చూశారా, మన ఊళ్ళల్లో సగం మంది నమ్మకం ఏంటంటే ఇంగ్లీషు మందులు ఏళ్ళ తరబడి మింగితేనే కిడ్నీలు పోతాయని. నిజానికి అదుపులో లేని బీపీ, షుగరే కిడ్నీలను తింటాయి, ఆ మందులు కాపాడతాయి. కానీ ఆ నమ్మకంతో ఉన్న మనిషికి మీరు డయాలసిస్ వీడియో పంపితే ఆయన చూసేది "మందులు మానేస్తే ఇలా అవుతుంది" అని కాదు, "అన్నేళ్ళు బిళ్ళలు మింగాడు, పాపం ఏమయ్యాడో చూడు" అని. భయపెట్టి చేయించాలనుకున్నది భయంతోనే మాన్పిస్తోంది అనుకుంటున్నాను. ఆ వీడియోలు ఆపేయండి.

ఇప్పుడు మీరడిగిన నడ్జ్, టెక్నాలజీ. నడ్జ్ అంటే బలవంతం చేయకుండా, డబ్బు జరిమానా వేయకుండా, మంచి దారి చేతికి దగ్గరగా ఉండేలా ఏర్పాటు చేయడం. ఈ రకం ఆలోచనకు గాను అమెరికా ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్‌కి 2017లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ కూడా వచ్చింది. మీ నాన్నగారికి ఇది కొత్తేం కాదు. పిల్లల చాక్లెట్ల సీసా గల్లా పక్కనే ఎందుకు పెడతారో, బియ్యం బస్తాలు వెనక ఎందుకు ఉంటాయో ఆయన్ని అడగండి, మనకంటే బాగా చెప్తారు.

అయితే మందుల విషయంలో ఇది ఎంతవరకు పనిచేస్తుందో చూసిన పెద్ద పెద్ద పరీక్షలు ఉన్నాయి, వాటి ఫలితం తెలిస్తే మీరు ఆ వాచ్‌కి పెట్టిన డబ్బుకి బాధపడతారు. అమెరికాలో మందులు సరిగ్గా వేసుకోని 53,480 మందిని తీసుకుని, కొందరికి వారం గళ్ళ డబ్బా, కొందరికి ఎంతసేపటి క్రితం మూత తీశారో చూపించే టైమర్ మూత, కొందరికి రోజు రోజుకీ మీట జరిపే పట్టీ ఇచ్చారు, మిగతావాళ్ళకి ఏమీ ఇవ్వలేదు. ఏమీ ఇవ్వనివాళ్ళకీ ఇచ్చినవాళ్ళకీ తేడా రాలేదు. గుండెపోటు వచ్చి ఇంటికెళ్ళిన 1,509 మందితో ఇంకో పరీక్ష, అందులో మూత తీస్తే కబురు వెళ్ళే ఎలక్ట్రానిక్ సీసాలు, వేసుకున్న రోజుకు లాటరీలో డాలర్లు, ఇంట్లోవాళ్ళకో స్నేహితులకో కబురు, అన్నీ ఉన్నాయి. అయినా మళ్ళీ ఆసుపత్రి పాలవడంలో ఏమీ తగ్గలేదు. రెండు ఫలితాలూ 2017లోనే వచ్చాయి. గుండెపోటు వచ్చినవాళ్ళ సంగతే ఇలా ఉంటే, ఒంట్లో ఏ బాధా తెలియని బీపీ మనిషికి వాచ్ గుర్తు చేసి ఏం సాధిస్తుంది?

అలాగని ఫోన్ పనికిరాదనీ కాదు. కెన్యాలో హెచ్‌ఐవీ మందులు వాడేవాళ్ళతో చేసిన రెండు పరీక్షలు నాకు చాలా ఇష్టం. ఒకదాంట్లో కొందరికి రోజూ ఎస్సెమ్మెస్, కొందరికి వారానికొకటి పంపారు. వారానికొకటి వచ్చినవాళ్ళలో 53 శాతం మంది మందులు దాదాపు తప్పకుండా వాడారు, ఏ మెసేజీ రానివాళ్ళలో 40 శాతం. రోజూ వచ్చినవాళ్ళకి? ఏ లాభమూ లేదు. రోజూ మోగేది కొన్నాళ్ళకి చెవికి ఆనదు, ఫ్యాన్ చప్పుడులా. రెండోదాంట్లో వారానికోసారి నర్సు పంపే మెసేజీలో మందు అనే మాటే లేదు, ఎలా ఉన్నారు అని మాత్రమే అడిగారు. రెండు రోజుల్లోగా బాగున్నాననో, ఇబ్బందిగా ఉందనో జవాబివ్వాలి. ఇబ్బంది అన్నవాళ్ళకీ, జవాబివ్వనివాళ్ళకీ నర్సు ఫోన్ చేసేది. అక్కడ 50 శాతం ఉన్నది 62కి పెరిగింది. మీరు రోజుకి రెండుసార్లు వీడియో కాల్ చేసి "వేసుకున్నావా, చూపించు" అంటున్నారు. దాన్ని వారానికి ఒక్కసారి చేసి, అప్పుడు కూడా బిళ్ళల మాట ఎత్తకుండా "కడుపులో ఎలా ఉంటోంది, కొట్లో కూర్చోగలుగుతున్నావా, రాత్రిళ్ళు లేవాల్సి వస్తోందా" అని అడిగి చూడండి. ఈ మూడు ప్రశ్నలకీ జవాబుల్లోనే మీకు కావాల్సింది దొరుకుతుంది.

ఇక చేయాల్సింది. ఫోన్‌లో అయ్యే పని కాదు కాబట్టి ఒక శని ఆదివారాలు తెనాలి వెళ్ళండి. వెళ్ళి మొదటి రోజు మందుల మాట ఎత్తకండి. రెండో రోజు ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు ఇలా అనండి: "నాన్నా, ఇన్నాళ్ళూ నేను నిన్ను సతాయించాను, అది నీకు కష్టంగా ఉందని అర్థమైంది. ఆ యాప్ తీసేద్దాం. ఈ బిళ్ళల్లో నీకు ఏది పడట్లేదో చెప్పు, డాక్టరుగారిని అడిగి మార్పిద్దాం." ఆ తర్వాత మీరు మాట్లాడకూడదు. ఆయన చెప్పిందంతా ఒక కాగితం మీద రాసుకోండి, ఏ బిళ్ళ, ఏ పూట, ఎందుకు. మధ్యలో "అదేంటి నాన్నా అలా ఎలా మానేస్తావు" అన్నారంటే అంతటితో అయిపోయినట్టే.

ఆ కాగితం, షీట్లన్నీ పట్టుకుని ఆయనతో కలిసి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. అక్కడ మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న, వీటిలో ఎన్ని తగ్గించవచ్చు, ఎన్ని కలిపి ఒకే బిళ్ళలో ఇవ్వచ్చు అని. ఇదేదో చిన్న విషయం అనుకోకండి. గుండెజబ్బుకి వాడే నాలుగు మందులను ఒకే బిళ్ళ చేసి మన దేశంలోనూ యూరప్‌లోనూ రెండు వేల మందితో చూస్తే, కలిపి ఇచ్చినవాళ్ళలో 86 శాతం మంది వాడుతూ ఉన్నారు, విడివిడిగా ఇచ్చినవాళ్ళలో 65 శాతం. 2013 నాటి ఫలితం ఇది. పైన చెప్పిన పరీక్షల్లో ఏదీ ఇంత తేడా తేలేదు. బీపీకి రెండు మూడు మందులు కలిపిన బిళ్ళలు మన మెడికల్ షాపుల్లో ఎప్పటినుంచో దొరుకుతున్నాయి, ఆయనకు సరిపడేది ఉందో లేదో డాక్టరే చెప్పాలి. నీళ్ళ బిళ్ళే సమస్య అయితే టైమ్ మార్చచ్చు, వేరే మందుకి మారచ్చు. కడుపు తిప్పితే తిండి మధ్యలో వేసుకోవడమో, మెల్లగా కరిగే రకానికి మారడమో ఉంది. ఒక్కపొద్దు రోజుల సంగతి, కార్తీకంలో సోమవారాల సంగతి మొహమాటపడకుండా చెప్పండి, డాక్టరు మందలిస్తారేమో అని దాచకండి. ఏ బిళ్ళనీ మీ అంతట మీరు మానడం, తగ్గించడం మాత్రం చేయకండి, బీపీ మందుల్లో కొన్ని ఉన్నట్టుండి ఆపితే బీపీ ఎగబాకుతుంది. ఒక పూట తప్పిందని రెండో పూట రెండు వేసుకోవడమూ వద్దు.

రెండోది షీట్ల లెక్క. ఇది మీరు గమనించారో లేదో, ఒక మందు షీటులో 10 బిళ్ళలుంటాయి, ఇంకోదాంట్లో 15. మనిషి కొట్టు నుంచి వస్తూ వస్తూ ఒక్కో షీటు చొప్పున కొంటే అవి ఒక్కొక్కటి ఒక్కో తారీఖున అయిపోతాయి, అంటే నెలలో ఎప్పుడు చూసినా ఏదో ఒకటి అయిపోయి ఉంటుంది. "ఇవాళ అది లేదు, రేపు తెస్తాలే" అని మొదలై వారం గడుస్తుంది. అన్నీ నెలకు సరిపడా ఒకే రోజు తెచ్చేలా మార్చండి. మెడికల్ షాపతనికి చెప్పి ప్రతి నెలా ఫలానా తారీఖున ప్యాకెట్ ఇంటికో కొట్టుకో వచ్చేలా, డబ్బు మీ ఫోన్ నుంచి వెళ్ళేలా పెట్టుకోండి. టెక్నాలజీ అంటే నాకు ఇదే ముఖ్యం, ఆయన ఏమీ గుర్తుపెట్టుకోకపోయినా, ఎవరినీ అడగకపోయినా మందు ఇంట్లో ఉండాలి. డాక్టర్లకీ ఇదే పనిచేసింది. పెన్సిల్వేనియా యూనివర్సిటీ ఆసుపత్రుల్లో చవకైన జెనెరిక్ మందులు రాయండి బాబూ అని ఎంత చెప్పినా 75 శాతం దగ్గరే ఆగిపోయేది. కంప్యూటర్లో జెనెరిక్ దానంతటదే పడేలా, బ్రాండే కావాలంటే ఒక గడిలో టిక్ పెట్టేలా మార్చారు, 98 శాతానికి చేరింది. ఎవరికీ క్లాసు పీకలేదు, బ్రాండు రాసే హక్కు ఎవరి దగ్గరా లాక్కోలేదు.

మూడోది, బిళ్ళలు బీరువా సొరుగులో ఎందుకున్నాయి? బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుంది? పొద్దున కొట్టు తీసే హడావిడిలో ఆయన బీరువా దగ్గరికి వెళ్ళి మూడు డబ్బాలు వెతికి కళ్ళజోడు పెట్టుకుని పేర్లు చదివి తీసుకోవాలంటే అది జరిగే పని కాదు. ఆయన రోజూ తప్పకుండా చేసే పని ఏంటో ఆయన్నే అడగండి. కొట్టు తీశాక అగరొత్తులు వెలిగించడం కావచ్చు, రాత్రి కొట్టు కట్టేముందు పద్దు రాయడం కావచ్చు. తిండితో సంబంధం లేని బిళ్ళ అయితే అగరొత్తుల పెట్టె పక్కన పెట్టుకోమనండి, షుగర్ బిళ్ళ టిఫిన్ ప్లేటు పక్కకి రావాలి. ఎక్కడ, ఎప్పుడు అన్నది ఆయన నోటితో చెప్పాలి, వీలైతే ఆయన చేత్తో రాయాలి. అమెరికాలో ఒక కంపెనీ ఉద్యోగులకి ఫ్లూ టీకా కబురు పంపేటప్పుడు కొందరికి "ఏ తారీఖున, ఎన్ని గంటలకు వెళ్తారో ఇక్కడ రాసుకోండి" అని రెండు ఖాళీ గళ్ళు పెట్టారు, అంతే, ఆ కాగితం ఎవరూ తిరిగి అడగలేదు కూడా. 33 శాతం వేయించుకునేది 37 అయింది. పెద్ద అంకె కాదు, కానీ ఖర్చు రెండు గళ్ళు.

ఇప్పుడు వాచ్ మాట. దాంట్లో బీపీ చూపిస్తున్నా ఆ అంకెని బట్టి మందు విషయంలో ఏ నిర్ణయమూ తీసుకోకండి. మోచేతి పైన పట్టీ కట్టే డిజిటల్ బీపీ మిషన్ ఒకటి కొనండి, మణికట్టుకి కట్టేది కాదు. చూసే పద్ధతి ముఖ్యం. కాఫీ తాగినా, చుట్టా సిగరెట్టూ ఏది కాల్చినా అరగంట ఆగాలి. కుర్చీలో వీపు ఆనించి, కాళ్ళు నేలకు ఆన్చి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి. ఒక నిమిషం ఎడంతో రెండుసార్లు చూసి రెండూ రాయాలి. ఇంట్లో చూసినప్పుడు 135/85 దాటుతూ ఉంటే అదుపులో లేనట్టు లెక్క.

ఆ అంకెలు రాయాల్సింది యాప్‌లో కాదు, ఆయన ఖాతా పుస్తకం లాంటి ఒక పుస్తకంలో, ఆయన చేతిరాతతో. బీపీతో వచ్చిన తంటా ఏంటంటే మందు వేసుకున్నా మానేసినా ఒంట్లో ఏ తేడా తెలియదు, కాబట్టి "బాగానే ఉన్నాగా" అనే మాట ఎప్పుడూ ఆయనదే గెలుస్తుంది. మీరు చెప్తే నమ్మరు, నేను చెప్పినా నమ్మకపోవచ్చు. సరిగ్గా వేసుకున్న వారం అంకె ఎంత, మానేసిన వారం అంకె ఎంత అన్నది ఆయన పుస్తకంలో ఆయన చేతిరాతలో పక్కపక్కన ఉంటే, ఏళ్ళ తరబడి జమా ఖర్చులు చూసిన మనిషికి ఇంకెవరూ చెప్పక్కర్లేదు. వారానికోసారి ఆ పేజీ ఫోటో తీసి అమ్మ మీకు పంపితే చాలు. మీరు దాన్ని డాక్టరుకి చేర్చాలి, అది మర్చిపోకండి, మిషన్ కొనిచ్చి అంకెలు అలా వదిలేస్తే బీపీ తగ్గదు, ఆ అంకెలు చూసి ఎవరో మందు సరిచేస్తేనే తగ్గుతుంది. గుంటూరు, హైదరాబాద్ తిరగలేనప్పుడు ఈ-సంజీవని లాంటి ఫోన్ వైద్యం ఇలాంటి పనికి బాగానే సరిపోతుంది. మాట తడబడినా, మూతి ఒక పక్కకి పోయినా, ఒక చెయ్యి లేవకపోయినా మాత్రం ఫోన్లూ పుస్తకాలూ కాదు, వెంటనే ఆసుపత్రికి.

మంచి టెక్నాలజీ ఎలా ఉంటుందో మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది. క్షయ మందుల కోసం 99డాట్స్ అని తెచ్చారు. మందుల షీటుకి ఒక కవరు, బిళ్ళ నొక్కి తీస్తే దాని వెనక దాగిన ఫోన్ నంబరు కనిపిస్తుంది, దానికి డబ్బు పడని ఒక కాల్ కొడితే చాలు, ఆ రోజు మందు తీసినట్టు ఆరోగ్య కార్యకర్తకి తెలుస్తుంది. బటన్ల ఫోన్ ఉన్నా సరిపోతుంది, యాప్ అక్కర్లేదు, ఇంగ్లీషు చదవడం రానక్కర్లేదు. దానికీ హద్దులున్నాయి, కాల్ కొట్టినంత మాత్రాన మందు మింగారని కాదు, మందు మింగి కాల్ మరిచిపోయేవాళ్ళూ ఉంటారు. కానీ కాల్ రాని రోజుల్ని చూసి ఒక మనిషి ఇంటికొచ్చి "ఏమైందండీ" అని అడగడానికే అదంతా. ఆ మనిషి లేకపోతే ఆ కవరుకి విలువ లేదు. కూకట్‌పల్లిలో ఉన్న మీకు ఆ మనిషి మీరే అవ్వాలని ఉంటుంది, అది సహజం, కానీ రోజూ పట్టుకునే పోలీసు పని మీరు చేస్తూ ఆ పని కూడా చేయలేరు. మీ ఊరి ఏఎన్ఎమ్మో, ఆశా కార్యకర్తో, లేకపోతే పక్క కొట్టు ఆయన ఎవరైనా బీపీ మనిషి ఉంటే ఆయనో దానికి మీకంటే బాగా సరిపోతారు. ఇద్దరూ కలిసి నెలకోసారి బీపీ చూపించుకోవడానికి వెళ్తే ఇంకా మంచిది.

మీరడగలేదు కానీ, మజ్జిగ ఆలోచన వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. ఒకరి మంచికోసం వాళ్ళ దారి మార్చడం ఎంతవరకు సరైనది? నేను చూసుకునేది ఒకటే. రేపు ఆయనకి మొత్తం ఏర్పాటు తెలిసినప్పుడు "ఓహో, అందుకా, మంచిపని చేశావు" అంటారా, లేక "నన్ను మోసం చేశావా" అంటారా? అగరొత్తుల పక్కన బిళ్ళ పెట్టడం మొదటిది, మజ్జిగ రెండోది. నచ్చకపోతే వద్దనే హక్కు ఆయనకి ఉండాలి, అది చాలా తేలిగ్గా ఉండాలి కూడా. అన్నీ తెలిసి, డాక్టరు చెప్పింది విని, ఒక మందు నాకొద్దు అని ఆయన అంటే అది మీకు ఎంత బాధైనా ఆయన ఒంటి సంగతి ఆయనదే. కానీ అక్కడిదాకా రావడం చాలా అరుదు, చాలామంది వద్దనేది మందుని కాదు, దాని చుట్టూ ఉన్న ఇబ్బందిని.

రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గరి పల్లెల్లో పిల్లల టీకాలతో చేసిన పని గుర్తొస్తోంది, 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో వాళ్ళది. ఏమీ చేయని ఊళ్ళల్లో టీకాలన్నీ పూర్తయిన పిల్లలు 6 శాతం. నెలనెలా తప్పకుండా, చెప్పిన రోజున క్యాంపు పెడితే 18 శాతం. ఆ క్యాంపుకే టీకాకి కిలో పప్పు, అన్నీ పూర్తయితే స్టీలు కంచాలు కలిపితే 39. అందరూ పప్పు గురించే చెప్పుకుంటారు కానీ నాకు ఆ 18 ముఖ్యం, నర్సు చెప్పిన రోజున చెప్పిన చోట ఉండటం అనే ఒక్కదానికే మూడు రెట్లైంది. ఆ తల్లులు మొండివాళ్ళు కారు, వెళ్ళిన రోజున తాళం చూసి వెనక్కొచ్చినవాళ్ళు. మీ నాన్నగారి సంగతి కూడా అలాగే మొదలుపెట్టండి, ముందు దారిలో ఉన్న తాళాలు తీయండి, కానుకల సంగతి తర్వాత.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఈ నెల కాగితం, డాక్టరు, బిళ్ళల తగ్గింపు. వచ్చే నెల ప్యాకెట్, మిషన్, పుస్తకం. ఆరు వారాల తర్వాత సొరుగు మళ్ళీ తీయాలనిపిస్తుంది మీకు, తీయకండి, పుస్తకంలో అంకెలు చూడండి, వాటినిబట్టి తెలిసిపోతుంది.

చివరిగా, మీ ఉత్తరంలో అమ్మ ఫోన్ ఎత్తుతున్నారు, అమ్మ మజ్జిగ కలపాలి, అమ్మ బిళ్ళ అందించాలి. అమ్మకి బీపీ ఉందా, షుగర్ ఉందా అన్నది ఒక్క మాట లేదు. మిషన్ కొన్న రోజున ఆవిడకీ చూడండి, షుగర్ పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారో కనుక్కోండి, చేయించుకుని ఏడాది దాటితే నాన్నతో పాటు డాక్టరు దగ్గరికి ఆవిడనీ తీసుకెళ్ళండి. ఇద్దరి అంకెలూ, నాన్నగారు చెప్పిన కారణాల కాగితం, షీట్ల మీద ఉన్న పేర్లూ రాసి పంపితే ఇంకా వివరంగా మాట్లాడుకుందాం.